ఎవర్నీ నమ్మనక్కర్లేని డబ్బు

నేను ముప్పైనాలుగేళ్లు గణాంకాల శాఖలో పనిచేశాను. జిల్లాలో గేదెలెన్ని, బావులెన్ని, నిమ్మచెట్లెన్ని అని పైవాళ్లు అడిగితే చెప్పడం నా ఉద్యోగం. ఒక్క గేదెనీ నేను కళ్లారా చూసి లెక్కపెట్టలేదు. కిందివాళ్లు చెప్పింది నేను నమ్మాను, నేను చెప్పింది పైవాళ్లు నమ్మారు. ఆ నమ్మకం మీదే నాకు జీతం వచ్చింది, రెండు ప్రమోషన్లు వచ్చాయి, ఇప్పుడు పెన్షనూ వస్తోంది. అంతటివాణ్ని, అరవయ్యారో ఏట, 'ఇక ఎవర్నీ నమ్మనక్కర్లేదు' అన్న మాటకి ఎలా పడిపోయానో చెప్తాను.

మా కంకిపూడిలో విశ్రాంత ఉద్యోగుల సంఘం ఉంది. నూటపన్నెండు మందిమి. నేను కార్యదర్శిని. ఆర్టీసీలో డిపో మేనేజరుగా చేసి దిగిపోయిన షేక్ మస్తాన్ వలి గారు అధ్యక్షుడు. సంఘానికి ఒక ఆపద నిధి ఉండేది. నెలకి మనిషికి వంద రూపాయలు. ఎవరికైనా ఆస్పత్రి ఖర్చో, ఇంకేదన్నా కష్టమో వస్తే అందులోంచి ఇచ్చేవాళ్లం. 'ఇచ్చేవాళ్లం' అనడం నా గొప్ప. ఇచ్చేది బత్తుల సువార్తమ్మ గారు. మున్సిపల్ బడిలో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన టీచరు. పదకొండేళ్లుగా ఆవిడే కోశాధికారి. ఎవరైనా ఇంటికి వెళ్తే రెండే ప్రశ్నలు అడిగేది: "ఎంత కావాల? ఎప్పుడిస్తారు?" నోటు పుస్తకంలో రాసుకుని, లోపలికెళ్లి డబ్బు తెచ్చి ఇచ్చేది. పదకొండేళ్లలో ఒక్క రూపాయి తేడా రాలేదు.

ఆవిడ మీద నాకో చిన్న కినుక ఉండేది. ఒకసారి ఆపద నిధి పెరుగుదలని మూడు రంగుల్లో గ్రాఫు గీసి మీటింగుకి పట్టుకెళ్లాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూసి, "గీతలెందుకండీ చిదంబరరావు గారూ, డబ్బులు ఉన్నయ్యిగా" అంది. అందరూ నవ్వారు. అదే మీటింగులో నేను రెండు నెలల వందలు కట్టలేదన్న సంగతీ గుర్తుచేసింది. ఆధునికత మీద నాకు అభిమానం పుట్టింది ఆ రోజే.

ఈ లోగా సంఘాల ఆధునికీకరణ విభాగం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. 'ఆర్థిక లావాదేవీలయందు మధ్యవర్తుల పాత్రను సంవత్సరాంతములోగా సంపూర్ణముగా నిర్మూలించవలెను' అని. దాని మీద జిల్లా కేంద్రంలో అవగాహన సదస్సు పెట్టారు. భోజనం ఉందన్నారు కాబట్టి వెళ్లాను.

అక్కడ ప్రణవ్ తేజ అనే పాతికేళ్ల సలహాదారు మాట్లాడాడు. క్రిప్టో కరెన్సీ గురించి నేను విన్న మొదటి ఉపన్యాసం అదే.

"అసలు ఇది ఎందుకు పుట్టిందో తెలుసా అంకుల్? పెద్ద పెద్ద బ్యాంకులు అందరి డబ్బూ పెట్టుకుని మునిగిపోయినాయి. అప్పుడు ఒకాయన అనుకున్నాడు, నా చేతిలోంచి మీ చేతిలోకి డబ్బు రావడానికి మధ్యలో ఇంకోడెందుకని. బ్యాంకు లేదు, గుమాస్తా లేడు. ఎవర్నీ నమ్మనక్కర్లేదు. లెక్కే అంతా చూసుకుంటది."

లెక్కే అంతా చూసుకుంటుంది! జీవితమంతా లెక్కలు రాసినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? వరసలో నిలబడి పెరుగన్నం పెట్టించుకుంటున్నప్పుడు అతనే వచ్చి అడిగాడు, "మీ సంఘంలో మధ్యవర్తి ఎవరు అంకుల్?"

"సువార్తమ్మ గారు" అన్నాను. నా గొంతులో అంత ఉత్సాహం ఎందుకు వినిపించిందో అప్పుడు ఆలోచించలేదు.

జూన్‌లో సర్వసభ్య సమావేశం పెట్టాం. ప్రణవ్ తేజ కంపెనీ 'స్వేచ్ఛా నాణెం' అని ఒకటి తయారుచేసింది. మన ఆపద నిధి మొత్తం, నాలుగు లక్షల ఎనభై వేలు, అందులోకి మార్చేద్దాం అని నేను ప్రతిపాదించాను. నలభై నిమిషాలు మాట్లాడాను. అర్థం కాలేదని ఒప్పుకోవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. నాకూ చెల్లలేదు.

సువార్తమ్మ గారు లేచి నిలబడింది.

"నేను మధ్యవర్తినని నాకు ఇన్నాళ్లూ తెలవదు. తీసెయ్యండి, నాకేం బాధ లేదు. బీరువా తాళం ఎవరికియ్యమంటారు?"

"ఎవరికీ ఇవ్వక్కర్లేదండీ. అదే దీని గొప్పతనం."

"తాళం ఎవరి దగ్గరా లేకపోతే బీరువా ఎట్టా తెరుస్తారయ్యా?"

సభలో నవ్వులు వినిపించాయి. తీర్మానాల పుస్తకంలో వాటిని 'హర్షధ్వానాలు' అని రాసుకున్నాను. ప్రతిపాదన నెగ్గింది.

తాళం లేదు కానీ దాని బదులు పన్నెండు రహస్య పదాలు ఉంటాయన్నాడు ప్రణవ్ తేజ. ఆ పన్నెండూ వరసగా చెప్తేనే నిధి తెరుచుకుంటుంది. నేను పట్టుబట్టి ఆ పదాల్ని తెలుగులో పెట్టించాను. మాతృభాషకి నేను చేసిన ఏకైక సేవ అది. అయితే పన్నెండు పదాలూ ఒక్కరికే తెలిస్తే ఆ ఒక్కర్నీ నమ్మాలి కదా. నమ్మకం అన్నది ఉండకూడదన్నదే మన సిద్ధాంతం. అందుకని నలుగురితో 'రహస్య పద సంరక్షణ ఉపసంఘం' వేశాం. నాకు మూడు పదాలు, మస్తాన్ వలి గారికి మూడు, ఇంకో ఇద్దరికి మూడేసి. కాగితం మీద రాయకూడదు, ఇంట్లో చెప్పకూడదు.

ఈ నలుగురూ మర్చిపోతే? దానికి ఒక స్మృతి పరీక్షకుణ్ని నియమించాం. నెలకి ఐదొందలు గౌరవ వేతనం. అతనికి పదాలు వినే అధికారం లేదు. కాబట్టి నెలకోసారి మా ఇళ్లకి వచ్చి, "గుర్తున్నాయా?" అని అడిగేవాడు. "గుర్తున్నాయి" అనేవాళ్లం. "శుభం" అని సంతకం పెట్టించుకుని, కాఫీ తాగి వెళ్లేవాడు.

జులై మొదటి వారంలో నాణేన్ని మొదటిసారి వాడాం. సంఘం ఆవరణలో నాంచారమ్మ టీ బంకు ఉంది. నేనూ మస్తాన్ వలి గారూ రెండు టీలు చెప్పి, ఇరవై రూపాయలు స్వేచ్ఛా నాణెంలో చెల్లిస్తామన్నాం. దానికోసం ఉపసంఘం ముందే చిల్లర కొంత నా ఫోన్లో వేసి ఉంచింది.

ముందు నాంచారమ్మ ఫోన్లో యాప్ దింపాం. యాప్ ఆవిడ ఆధార్ అడిగింది. ఫొటో అడిగింది. ఎడమకి తిరగమంది, కుడికి తిరగమంది.

"పెళ్లిచూపుల్లో కూడా ఇన్నిసార్లు తిప్పలేదు సారూ" అంది నాంచారమ్మ.

తర్వాత డబ్బు పంపాను. ఇరవై రూపాయలు పంపడానికి ముప్పైఏడు రూపాయల రుసుము పట్టుకున్నారు. చేరినట్టు ఖాయం కావడానికి నలభై నిమిషాలు పట్టింది. డబ్బు అందేదాకా మేం టీ ముట్టుకుంటే బాగుండదని గ్లాసులు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాం.

"చల్లారిపోయినయ్యి, మళ్లీ పెట్టనా?" అంది నాంచారమ్మ.

"పెట్టమాకమ్మా, ఇంకో యాభైఏడు అవుతాయి" అన్నారు మస్తాన్ వలి గారు.

అంతలో నాణెం విలువ పెరిగింది. మేం ఇచ్చిన ఇరవై ఇరవైమూడు అయిందని ఫోను చూపించింది. మస్తాన్ వలి గారి మొహం వాడిపోయింది. "మన దగ్గరే ఉంచుకునుంటే మూడు రూపాయలు మిగిలేవి గదయ్యా" అన్నారు. ఆ సాయంత్రమే కార్యవర్గం సమావేశమై, 'నాణేన్ని ఖర్చు పెట్టుట సభ్యుల ప్రయోజనాలకు విరుద్ధము' అని తీర్మానించింది. అలా మా సంఘానికి ఖర్చు పెట్టకూడని డబ్బు ఏర్పడింది.

మర్నాడు నాంచారమ్మ నన్ను ఆపింది. "సారూ, మీ డబ్బుతో గ్లాసులు కడిగే సబ్బు కొందామంటే కొట్టాయన నవ్వాడు. ఈ ఫోన్లోది నాకెందుకు, నా ఇరవై నాకియ్యండి." జేబులోంచి ఇరవై రూపాయల నోటు తీసి ఇచ్చాను. ఆ లావాదేవీ రెండు క్షణాల్లో ముగిసింది.

ఆగస్టులో నిధి విలువ ఏడు లక్షల ఇరవై వేలు అయింది. నేను కొత్త గ్రాఫు గీశాను. ఈసారి ఐదు రంగులు. పది నిమిషాలకోసారి ఫోను తీసి చూడ్డం అలవాటైంది. నా భార్య హైమావతి "ఉప్మాలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే, "నాలుగు శాతం పెరిగింది" అన్నాను. ఆవిడ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. ఆ ఉత్సాహంలోనే, ఆవిడకి చెప్పకుండా, మా ఇద్దరి పేర్న బ్యాంకులో ఉన్న మూడు లక్షల డిపాజిట్ రద్దుచేసి నాణేలు కొన్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

సెప్టెంబరులో ఆధునికీకరణ ప్రత్యేకాధికారి త్రివిక్రమ ప్రసాద్ గారు తనిఖీకి వచ్చారు. అంతా చూసి చాలా సంతోషించారు. "మధ్యవర్తి నిర్మూలన ప్రక్రియ సక్రమముగా జరిగినట్లు ధ్రువీకరించుటకు గాను, ఉభయపక్షములకు నడుమ నిలిచి పర్యవేక్షించగల ఒక సంఘమును తక్షణమే నియమించవలసియున్నది" అన్నారు.

"నడుమ నిలిచి అంటే, మధ్యవర్తేగా అండీ?" అన్నారు మస్తాన్ వలి గారు.

"కాదు. పర్యవేక్షక సంఘము. పేరు వేరు."

నియమించాం. అందులో నలుగురు. ఆ తర్వాత నాణేన్ని రూపాయల్లోకి మార్చే మార్పిడి కేంద్రం తరఫున ఒక ప్రతినిధి, పన్ను సంగతి చూడ్డానికి ఒక ఆడిటరు, ఇదంతా చట్టప్రకారం ఉందో లేదో చెప్పడానికి ఒక వకీలు వచ్చారు. ఉందో లేదో తనకి తెలియదని చెప్పి వకీలు నాలుగు వేలు తీసుకున్నాడు. ఒకరోజు నాకే అనుమానం వచ్చి లెక్కేశాను. తీసేసిన మధ్యవర్తులు: ఒకరు. చేర్చుకున్నవాళ్లు: పన్నెండు మంది. ఆ ఒకరూ జీతం తీసుకోలేదు. దానికి మాత్రం గ్రాఫు గియ్యలేదు.

అక్టోబరులో ఒక మంగళవారం నాణెం పడిపోయింది. ఉదయం ఏడు లక్షలున్న నిధి సాయంత్రానికి లక్షా తొంభై వేలు. నేను ప్రణవ్ తేజకి ఫోన్ చేశాను.

"ఇది పడటం కాదు అంకుల్, సర్దుబాటు. మీరు దీర్ఘకాలిక దృష్టితో చూడాలి."

"నాకు అరవయ్యారేళ్లు బాబూ."

"అదే అంకుల్, ఓపిక పట్టండి."

నవంబరు ఇరవైఏడున పొద్దున్నే నడుము దగ్గర నొప్పి మొదలైంది. కాసేపటికి నిలబడలేకపోయాను. హైమావతి ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లింది. కిడ్నీలో రాయి, అడ్డంపడింది, ఇవాళే తీసేయాలి, ముందుగా పాతికవేలు కట్టండి అన్నారు.

"డిపాజిట్ కాగితం తెస్తాను, బ్యాంకులో అప్పుగా తీసుకుందాం" అంది హైమావతి.

అప్పుడు చెప్పాను. నొప్పితో మెలికలు తిరుగుతూ చెప్పాను కాబట్టి ఆవిడ ఏమీ అనలేకపోయింది. ఆ అదను నేను కావాలని చూసుకోలేదు. నా నాణేలు అమ్మితే డబ్బు చేతికి రావడానికి ఏడు పనిదినాలు పడుతుందని మార్పిడి కేంద్రం చెప్పింది.

"సంఘం నిధి ఉందిగా. ఆపద నిధి. నాకిప్పుడు ఆపద" అన్నాను.

మస్తాన్ వలి గారు పరుగున వచ్చారు. ఆయన మూడు పదాలు ఆయనకి గుర్తున్నాయి. నా మూడూ నాకు గుర్తున్నాయి. మూడో ఆయన రాయచూరులో కూతురింట్లో దొరికాడు, ఫోన్లో చెవిలో ఊదినట్టు మూడు పదాలూ చెప్పాడు. ఇక నాలుగో ఆయన, రిజిస్ట్రారాఫీసులో పనిచేసిన పరంధామయ్య గారు, నా మంచం పక్కనే నిలబడి తల గోక్కుంటున్నాడు.

"రెండు గుర్తున్నయ్యండీ. మూడోది, ఏదో కూరగాయ."

"బీరకాయా?" అన్నారు మస్తాన్ వలి గారు ఫోన్లో కొడుతూ. తప్పు అంది యాప్.

"సొరకాయా?" తప్పు.

"పొట్లకాయ అయ్యుంటదండీ. కాదు, దోసకాయ."

"నెల నెలా గుర్తున్నాయని సంతకం పెట్టారు గదయ్యా!" అన్నాను నేను పళ్లు బిగపట్టి.

"గుర్తున్నయ్యా అని అడిగారండీ. ఏంటియ్యి అని అడగలా" అన్నాడాయన. ఆ నిబంధన రాసింది నేనే.

దొండకాయ దగ్గర యాప్ శాశ్వతంగా మూసుకుపోయింది. ప్రణవ్ తేజకి ఫోన్ చేస్తే అతను ఎంతో గర్వంగా చెప్పాడు. "ఇక మీరే కాదు అంకుల్, మేం కూడా తియ్యలేం. ప్రపంచంలో ఎవరూ తియ్యలేరు. అదే దీని సెక్యూరిటీ. మీ డబ్బు ఇప్పుడు పూర్తిగా సురక్షితం."

ఆ మాట వినేసరికి రాయి ఇంకాస్త కదిలినట్టనిపించింది. కళ్లు మూసుకున్నాను. నూటపన్నెండు మంది ముసలివాళ్ల డబ్బు నా పెంకితనం వల్ల ఒక కూరగాయ వెనక ఇరుక్కుపోయింది. ఇంకెవరికైనా గుండెనొప్పి వస్తే? ఎవరింట్లోనైనా మనిషి పోతే? ఆ సంగతి నొప్పికన్నా ఎక్కువ బాధించింది.

కళ్లు తెరిచేసరికి నర్సు సూది మందు సిద్ధం చేస్తోంది. హైమావతి చేతిలో ఆస్పత్రి రసీదు ఉంది. పాతికవేలు కట్టినట్టు.

"ఎక్కడిది?"

"సువార్తమ్మ గారిచ్చారు."

"ఆవిడ సొంత డబ్బా?"

హైమావతి మస్తాన్ వలి గారి వంక చూసింది. ఆయన కిటికీ వంక చూశారు.

"మీకు చెప్పమాకన్నారందరూ" అంది చివరికి. "జులై ఒకటో తారీఖు నుంచీ మళ్లీ ఆవిడ దగ్గరే కడుతున్నాం. నెలకి వంద."

"కడుతున్నాం అంటే, ఎవరెవరు?"

"అందరం."

"అందరూ అంటే?"

"మీరు తప్ప నూటపదకొండు మందీనయ్యా" అన్నారు మస్తాన్ వలి గారు, ఇంకా కిటికీ వైపే చూస్తూ. "నేను కూడా."

"మీరు అధ్యక్షులు కదండీ!"

"అందుకే రెండు నెలలు ఆగి కట్టా."

"మీ పేరున నేను కడుతున్నా" అంది హైమావతి. "ఒక్క నెల కూడా బాకీ లేరు."

ఐదు నెలల నుంచి నేను సభ్యుణ్నని నాకే తెలియని సంఘంలో సక్రమంగా చందా కడుతున్నానన్నమాట. గణాంకాల శాఖలో పనిచేసినవాడిని, నా చుట్టూ ఉన్న నూటపదకొండు మందిని లెక్కపెట్టలేకపోయాను.

రాయి తీసిన మర్నాడు సువార్తమ్మ గారు చూడ్డానికి వచ్చింది. కమలాలు తెచ్చింది. నేను లేచి కూర్చోబోతే వద్దంది.

"మీరు ఒప్పుకోకుండా ఉండాల్సిందండీ" అన్నాను. "అంత అవమానం చేసిన తర్వాత."

"నేనెక్కడ ఒప్పుకున్నా? ఒకటో తారీఖున పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నన్ను తీసేశారు గదయ్యా అంటే, సరేనమ్మా, ముందు ఈ వంద రాసుకో అన్నారు. ఏం చేస్తా, రాసుకున్నా." కమలా తొక్క తీసి ఒక తొన నా చేతిలో పెట్టింది. "మంచినీళ్లు బాగా తాగండి. ఎప్పుడిస్తారు?"

"నెలకి మూడు వేలు" అన్నాను. "నేను పోగొట్టిన నాలుగు లక్షల ఎనభై వేలు కూడా కలిపి రాసుకోండి."

ఆవిడ నోట్లోనే లెక్కేసుకుంది. "అయితే ఎనభయ్యేళ్లు దాటేదాకా ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోవాల" అని లేచింది.

హైమావతికి డిపాజిట్ సంగతి మాత్రం ఇంకా అరగలేదు. ఏం కొన్నా, "ఇది ఖర్చు పెట్టొచ్చా, దాచుకోవాల్సిందా?" అని అడుగుతోంది.

ఇల్లు చేరాక నిజాయితీగా ఒక నివేదిక రాసి ఆధునికీకరణ విభాగానికి పంపాను. మధ్యవర్తి లేకుండా ఒక చేతి నుంచి ఇంకో చేతికి డబ్బు చేరాలన్నది దీని మొదటి ఉద్దేశం, ఐదు నెలల్లో అది రెండు టీలు తప్ప ఏమీ కొనలేదు, అవీ మేం తాగలేదు, ఒకర్ని తీసేసి పన్నెండు మందిని పెట్టుకున్నాం, ఇప్పుడు డబ్బు బయటికి రాదు, తప్పు నాది అని రాశాను. నా జీవితంలో నేను స్వయంగా లెక్కపెట్టి రాసిన మొదటి నివేదిక అదే.

వారంలో కబురొచ్చింది, మా సంఘానికి 'మధ్యవర్తి రహిత ఆదర్శ సంఘం' బిరుదు ఇస్తున్నారని. కంగారుగా త్రివిక్రమ ప్రసాద్ గారి దగ్గరికి వెళ్లాను.

"నివేదిక క్షుణ్ణముగా పరిశీలించితిమి" అన్నారాయన. "తొలగించవలసిన మధ్యవర్తులు ఒకరు. తొలగించబడినవారు ఒకరు. లక్ష్యసాధన నూరు శాతము."

"డబ్బు బయటికి రావడం లేదండీ."

"నిధుల దుర్వినియోగము శూన్యము" అని పక్కన రాసుకున్నారు.

డిసెంబరు చివర్లో జిల్లా కేంద్రంలో సభ జరిగింది. శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమన్నారు. మైకు ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. బీరకాయ నుంచి దొండకాయ దాకా చెప్పాను, నాకు తెలియకుండా నా పేరున చందా కట్టారనీ చెప్పాను. 'నేను మూర్ఖుణ్ని' అన్న చోట చప్పట్లు బాగా పడ్డాయి. వెనక కూర్చున్న గుమాస్తా సభా వివరాల్లో 'కార్యదర్శి తమ విజయానుభవములను హృద్యముగా పంచుకొనిరి' అని రాయడం నేను చూశాను.

నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాక త్రివిక్రమ ప్రసాద్ గారు నా వైపు వంగారు. మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు.

"ఆ టీచరమ్మ గారు బయటివాళ్లని చేర్చుకుంటారాండీ? మా ఆఫీసులో పద్నాలుగు మందిమి ఉన్నాం."

"అడుగుతానండీ" అన్నాను సంతోషంగా. "నా మాటగా చెప్తాను."

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు.

"మీ మాటగా వద్దులెండి" అన్నారు.